సూర్యుని ఆర్పగల స్విచ్చి లేదు

రామగుండమనగనే మనకు బొగ్గు జ్ఞప్తికి వచ్చును. 1971లో నెలకొన్న 62.5 మెగావాట్ల కేంద్రములోను, 1983లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఎన్.టి.పి.సి. కేంద్రములోను పనివారు బాయిలరు, టర్బైను పనులు నేర్చిరి. 2022 జులై 1 నాటికి అదే ఎన్.టి.పి.సి. జలాశయముపై 100 మెగావాట్ల తేలియాడు సౌర విద్యుత్ కేంద్రము పూర్తిగా పనిచేయసాగెను. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని మందమర్రిలో సింగరేణి సంస్థ 28 మెగావాట్ల సౌర కేంద్రమును నెలకొల్పినది. ఈ కేంద్రములలో పనిచేయుటకు పాత నేర్పు మాత్రమే చాలదు. ఏల చాలదో చూతము.

ఒక సిలికాను ఘటము సుమారు 0.6 వోల్టు నిచ్చును. 72 ఘటములను శ్రేణిలో కలిపిన ఒక పలక దాదాపు 43 వోల్టులను, అట్టి 20 పలకల వరుస దాదాపు 860 వోల్టులను ఇచ్చును. మన ఇండ్లకు వచ్చునది 230 వోల్టులే. ఆవిరిని ఆపినచో టర్బైను ఆగును. కాని ఎండ పడుచున్నంతసేపు పలకల కొనలయందు వోల్టేజి ఉండనే ఉండును.

మరియొక అపాయము కలదు. ఇంటి విద్యుత్తు ఏకాంతర ప్రవాహము. అది సెకనుకు 100 సార్లు సున్నకు వచ్చును. స్విచ్చి తెరచినపుడు పుట్టిన మెరుపు ఆ సున్న వద్ద ఆరుటకు వీలగును. పలకలనుండి వచ్చు ఏకముఖ ప్రవాహమున కట్టి సున్న లేదు. విద్యుత్తు ప్రవహించుచుండగా కనెక్టరును ఊడదీసినచో మెరుపు ఆరక చేతిని కాల్చును, నిప్పును పుట్టించును. ఇండ్ల వైరింగులో ఆరితేరిన ఎలక్ట్రీషియనుకును ఇది క్రొత్త పాఠమే.

కావున శిక్షణలో పనియొక్క వరుస ముఖ్యము. ముందు ఇన్వర్టరును ఆపవలెను. తరువాత డి.సి. స్విచ్చిని తెరువవలెను. క్లాంపు మీటరుతో ప్రవాహము సున్నయని నిశ్చయించుకొనిన పిమ్మటనే కనెక్టరును విప్పవలెను. విప్పిన కొనలలో అప్పటికిని వోల్టేజి ఉన్నదని మరువరాదు.

ఉత్పత్తి తగ్గుటకు కారణము కనుగొనుటయు ఒక విద్యయే. పలక ఉష్ణోగ్రత 25 డిగ్రీలను దాటిన పిమ్మట ప్రతి డిగ్రీకి శక్తి సుమారు 0.4 శాతము తగ్గును. నడివేసవిలో అది 65 డిగ్రీలకు చేరినచో 16 శాతము నష్టము. నీటిపైనున్న పలకలు కొంత చల్లగా నుండును. కాని రామగుండములో 40 విభాగములు నీటిపై తేలుచున్నవి. ఒక్కొక్కదానిలో 11,200 పలకలు, వాటికి తగిన ఇన్వర్టరు, ట్రాన్స్‌ఫార్మరు కలవు. అచటి పనివానికి పడవపై జాగ్రత్త, లంగరు త్రాళ్ల తనిఖీ కూడ తెలియవలెను.

ఇట్టి నేర్పు కొరకే 2015లో కేంద్ర ప్రభుత్వము ‘సూర్యమిత్ర’ అను 600 గంటల శిక్షణను ప్రారంభించినది. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను, వైర్‌మను, ఫిట్టరు విద్యలు నేర్చినవారు అందు చేరుటకు అర్హులైరి. ఇంటి కప్పులపై పలకల నమర్చు చిన్న సంస్థలును తమ సహాయకులకు ఈ వరుసను నేర్పక పనికి పంపరాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. 6 వోల్టుల చిన్న సౌర పలకను ఎండలో నుంచి, మల్టీమీటరు తగిలింపుడు. దీపమేమియు కలుపకున్నను వోల్టేజి కనబడును. మందపాటి నల్లని అట్టతో పలకను పూర్తిగా కప్పినపుడే అది పడిపోవును.