సిలిండరులోని సుడిగుండములు

మచిలీపట్టణమునుండి గుడివాడకు మోటారు సైకిలుపై పోవు రైతు దారి పొడవున వరిచేలను, కాలువలను చూచుచు పోవును. తన మోకాళ్ల నడుమ జరుగుచున్న వింత మాత్రము అతని కంటబడదు. నూరు ఘన సెంటీమీటర్ల చిన్న సిలిండరులోనికి పెట్రోలు ఆవిరియు గాలియు కలిసి వచ్చును. పిస్టను వానిని అదుమును. నిప్పురవ్వ వెలిగించును. యంత్రము నిమిషమునకు 5000 మారులు తిరుగునప్పుడు ఈ మంట నిమిషములో 2500 మారులు పుట్టి ఆరును. ప్రతి మంటకును దొరకు వ్యవధి సెకనులో సుమారు ఐదువందలవ వంతు మాత్రమే.

ఇంత స్వల్పకాలములో మిశ్రమమంతయు కాలుట ఎట్లు? కదలక నిలిచియున్న పెట్రోలు ఆవిరి, గాలి మిశ్రమములో మంట సెకనుకు సుమారు 40 సెంటీమీటర్ల చొప్పున మాత్రమే కాలని భాగములోనికి చొచ్చుకొనిపోవును. సిలిండరులోని వేడిమిని, ఒత్తిడిని, కాలిన వాయువులు ఉబ్బి మంటను ముందునకు నెట్టుటను లెక్కలో చేర్చినను, ఐదు సెంటీమీటర్ల వెడల్పును సకాలమున దాటుటకు ఆ నడక చాలదు.

ఈ చిక్కును విప్పిన పరీక్ష యొకటి కలదు. 1912 ప్రాంతమున డుగాల్డ్ క్లెర్క్ అను స్కాట్లండు ఇంజనీరు, లోనికి పీల్చిన మిశ్రమమును వెంటనే వెలిగింపలేదు. కవాటములను మూసియుంచి, పిస్టనును మరికొన్ని మారులు పైకి క్రిందికి ఆడనిచ్చి, పిమ్మట వెలిగించెను. యంత్రము అదే, మిశ్రమము అదే. మంట మాత్రము మిక్కిలి మందగించెను. కవాటపు సందునుండి వేగముగా దూకిన గాలిలో పుట్టిన సుడులు ఆ ఆలస్యములో అణగిపోయినవి. మంటకు కాళ్లు ఆ సుడులే యని తేలినది.

దివిసీమ వారికి సుడులు క్రొత్తవి కావు. కాలువ నీరు తిన్నగా పారునప్పుడు దానిపై పడిన ఆకు నెమ్మదిగా సాగిపోవును. అదే నీరు తూము దాటి దూకినచోట ఆ ఆకు ఎటు పోవునో ఎవరును చెప్పలేరు. పెద్ద సుడి చీలి చిన్న సుడులగును, అవి చీలి మరింత చిన్నవగును. ఇట్టి దానిని సంక్షుబ్ధ ప్రవాహమందురు. తిన్నని పారుదల ఎప్పుడు ఇట్లు చెదరునో ఆస్బర్న్ రేనాల్డ్స్ 1883లో గాజు గొట్టములోని నీటిలో రంగు వదలి చూపెను. సిలిండరులో ఈ సుడులు పలుచని మంటతెరను నలిపి మడతలు పెట్టును. ఆరు గజముల చీరను చిన్న పెట్టెలో మడచి పెట్టినట్లు, కొద్ది చోటులో ఎక్కువ వైశాల్యముగల మంట ఇముడును. అందుచేతనే త్వరగా కాలును. సుడులు మితిమీరినచో మంటతెర చినిగి ఆరిపోవుటయు కలదు.

డాక్టరేటు పట్టమునకై ఈ విషయమును పరిశోధించువారు సిలిండరును గణనయంత్రములో మరల నిర్మింతురు. లోపలి చోటును చిన్న చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలోను గాలి వేగమును, వేడిమిని, ఇంధనమును క్షణక్షణమునకు లెక్కింతురు. చిక్కు గడి పరిమాణములో ఉన్నది. అతి చిన్న సుడి మిల్లీమీటరులో నూరవ వంతు ఉండవచ్చును. అంతటి గడులు నూరు ఘన సెంటీమీటర్లకు పదివేల కోట్లు కావలెను! అర మిల్లీమీటరు గడులైనచో ఎనిమిది లక్షలు చాలును. కాని మంటతెర అంతకంటె పలుచన గనుక గడిలోనే దాగిపోవును. కావున పెద్ద సుడులను లెక్కించి, చిన్నవాని ఫలమును ఊహతో చేర్తురు.

ఈ ఉపాయము యంత్రశాలలో పుట్టలేదు. 1963లో జోసెఫ్ స్మగోరిన్‌స్కీ అను వాతావరణ శాస్త్రజ్ఞుడు భూమిచుట్టునుగల గాలుల లెక్కకై దీనిని కూర్చెను. అతి చిన్న కదలికలను విడివిడిగా లెక్కింపక వాని మొత్తపు ఫలమును చేర్చుట సముద్రపు లెక్కలలోను కలదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి వేలకొలది జనులను బలిగొన్న ఉప్పెనను బి. జాన్స్, ఎస్. కె. దుబే మొదలగువారు 1981లో గణితముతో పునర్నిర్మించి ప్రకటించిరి. అందును గాలి, సముద్రగర్భము నీటిపై చూపు ఒరిపిడిని మొత్తముగానే లెక్కకు తెచ్చిరి.

ఊహ చేరినచోట పరీక్ష తప్పదు. గాజు కిటికీగల యంత్రములలో మంటను చిత్రించి, ఒత్తిడిని కొలిచి, లెక్కతో సరిచూతురు. అందును ఒక మోసము కలదు. ఒక మంట వలె మరియొక మంట ఉండదు. ఒకటి తొందరపడును, ఒకటి వెనుకబడును. సగటుతో లెక్క కలిసినంత మాత్రమున ప్రతి మంటయు తెలిసినట్లు కాదు. ఊహలోని ఒక సంఖ్యను అటునిటు జరిపి గీత కలిసినదని సంతసించుట సులభము. మరియొక వేగమునందు, మరియొక యంత్రమునందు ఆ సంఖ్య నిలుచునా యని చూచుటకే పరిశోధకుని సంవత్సరములు గడచును.

ఇంధనమును మారుచున్నది. చెరకు మడ్డినుండియు, బియ్యపు నూకలనుండియు, మొక్కజొన్ననుండియు తీయు ఇథనాలును 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు కలుపుచున్నారు. ఇథనాలు ఆవిరియగునప్పుడు మిశ్రమమును ఎక్కువగా చల్లబరచును. లీటరుకు ఇచ్చు వేడిమి పెట్రోలు ఇచ్చుదానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. మంట నడకయు కొంత మారును. ఒక్క పెట్రోలుకై సరిచూచిన సంఖ్యలను ఈ మిశ్రమమునకై గాజు కిటికీ ముందు మరల పరీక్షింపవలసియున్నది.