పోలవరం ప్రాజెక్టు వ్యయం, జవాబుదారీతనం

పోలవరం ప్రాజెక్టు గోదావరి నదిపై పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లా పోలవరం మండలంలోని రామయ్యపేట వద్ద చేపట్టబడిన బహుళార్థసాధక ప్రాజెక్టు. దీనికి ఇందిరాసాగర్ అనే పేరు కూడా ఉన్నది. 2005-06 నాటి ధరలలో 10,151.04 కోట్ల రూపాయలుగా ఉన్న దీని అంచనా వ్యయం 2017-18 ధరలలో 55,548.87 కోట్ల రూపాయలకు చేరినది. ఈ పెరుగుదలలో సహేతుకమైనది ఎంత, నివారించదగినది ఎంత, దానికి ఎవరు బాధ్యులు అన్న ప్రశ్నలు రాష్ట్ర రాజకీయాలలో తీవ్ర వివాదానికి కారణమయ్యాయి. ప్రాజెక్టు సాంకేతిక వివరాలు కాక, దాని ఖర్చు లెక్క, ఆ లెక్కను అడగవలసిన వ్యవస్థలు ఈ వ్యాసంలోని విషయం.

నేపథ్యం

ప్రాజెక్టు స్థలం కొవ్వూరు - రాజమండ్రి రోడ్డు, రైలు వంతెనకు సుమారు 34 కిలోమీటర్లు, ధవళేశ్వరం ఆనకట్టకు సుమారు 42 కిలోమీటర్లు ఎగువన ఉన్నది. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852లో పూర్తి అయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటిని కాలువలకు మళ్ళించగలదే గాని నిల్వ చేయలేదు. అందువలన వరదకాలంలో నీరు సముద్రం పాలవటం, రెండవ పంటకు కొరత ఏర్పడటం డెల్టా రైతులకు అలవాటైన సంగతి.

ఎగువన జలాశయం కట్టాలనే ఆలోచన 1941లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలోనే మొదలైనది. అప్పటి ప్రధాన ఇంజనీరు ఎల్.వెంకటకృష్ణ అయ్యర్ దీనికి సర్వే జరిపించారు. రామపాదసాగర్ అనే పేరుతో రూపొందిన ఆ పథకానికి 1946-47లో వేసిన అంచనా 129 కోట్ల రూపాయలు. ఆనాటికి అది చాలా పెద్ద మొత్తం. పథకం కాగితాలకే పరిమితమైనది. 1980లో వెలువడిన బచావత్ ట్రిబ్యునల్ తీర్పు ప్రస్తుత ప్రాజెక్టుకు చట్టపరమైన ఆధారం. దాని ప్రకారం పూర్తి నీటిమట్టం 150 అడుగులు (45.72 మీటర్లు). టి.అంజయ్య ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు శంకుస్థాపన జరిగినా, పనులు నిజంగా మొదలైనది 2004 తరువాత, వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చేపట్టిన జలయజ్ఞంలో భాగంగానే.

అంచనాలు పెరిగిన తీరు

ప్రణాళికా సంఘం 2009 ఫిబ్రవరిలో 10,151.04 కోట్లకు పెట్టుబడి అనుమతి ఇచ్చినది. 2010-11 ధరలలో ఇది 16,010.45 కోట్లయినది. 2019 ఫిబ్రవరిలో కేంద్ర జలవనరుల శాఖ సాంకేతిక సలహా సంఘం 2017-18 ధరలలో 55,548.87 కోట్లకు ఆమోదం తెలిపినది. తరువాత సవరించిన అంచనాల సంఘం దానిని 47,725.74 కోట్లకు తగ్గించినది.

ఈ అంకెలను నేరుగా పోల్చరాదు. ప్రతి అంచనా ఒక నిర్దిష్ట సంవత్సరపు ధరలపై ఆధారపడి ఉంటుంది. సిమెంటు, ఉక్కు, కూలి ధరలు పెరిగినందువలన కలిగిన హెచ్చును దుబారా అనలేము. ఆకృతిలో మార్పులు కూడా కొంత కారణం. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన మహావరద డెల్టా ప్రజలకు ఇప్పటికీ గుర్తే. మొదట 36 లక్షల క్యూసెక్కులకు ఉద్దేశించిన స్పిల్‌వే సామర్థ్యాన్ని తరువాత 50 లక్షల క్యూసెక్కులకు పెంచారు. దిగువన రాజమండ్రి వంటి నగరం, కోనసీమ లంక గ్రామాలు ఉండగా ఇది అనవసరపు ఖర్చు అని ఎవరూ వాదించలేదు.

అయితే అంచనాలో అతిపెద్ద పెరుగుదల కాంక్రీటులో రాలేదు, భూసేకరణ, పునరావాసం పద్దులో వచ్చినది. 2010-11 అంచనాలో ఈ పద్దు మూడు వేల కోట్లకు లోపే. 2017-18 అంచనాలో అది సుమారు 33 వేల కోట్లు, అనగా మొత్తం వ్యయంలో సగానికి మించినది. 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం పరిహారాన్ని బాగా పెంచినది. నిర్వాసిత కుటుంబాల సంఖ్య కూడా మారినది. 2005 ప్రాంతంలో 44,574గా లెక్కించిన కుటుంబాలు తరువాతి లెక్కలలో లక్ష దాటాయి. కొత్త చట్టం ప్రకారం వివాహంతో నిమిత్తం లేకుండా ప్రతి వయోజన వ్యక్తినీ వేరు కుటుంబంగా పరిగణించాలి. అనగా పరిహారం ఇవ్వటం ఒక సంవత్సరం ఆలస్యమైతే, ఆ సంవత్సరం పద్దెనిమిదేళ్లు నిండినవారంతా జాబితాలో చేరుతారు. జాప్యం వలన పెరిగే ఖర్చుకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

2004-2010 మధ్య కాలంలోనే పునరావాసం పూర్తి చేసి ఉంటే ఈ భారంలో చాలా భాగం ఉండేది కాదన్న వాదనకు కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదికలలో కొంత బలం లభిస్తుంది. జలయజ్ఞంపై కాగ్ ఇచ్చిన 2012 నివేదికలో ప్రధాన విమర్శ, సర్వేలు, అనుమతులు, భూసేకరణ పూర్తికాక మునుపే ఈపీసీ పద్ధతిలో పనులు అప్పగించారన్నది. ఈపీసీ అంటే సర్వే, ఆకృతి, నిర్మాణం మూడూ ఒకే గుత్తేదారుకు ఏకమొత్తానికి ఇచ్చే పద్ధతి. కాలువలు ముందు తవ్వి, ఆనకట్టను, ముంపు గ్రామాలను తరువాతకు వదిలినందువలన పెట్టుబడి ఏళ్ల తరబడి ఫలితం ఇవ్వకుండా నిలిచిపోయినది.

ఎవరి ధనం, ఎవరి పని

2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం 90వ సెక్షన్ పోలవరాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించినది. ముంపు ప్రాంతంలోని ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేర్చబడ్డాయి. పర్యవేక్షణకు పోలవరం ప్రాజెక్టు అథారిటీ ఏర్పడినది. చట్టం ప్రకారం ప్రాజెక్టును నిర్మించవలసినది కేంద్ర ప్రభుత్వం. కాని 2016 సెప్టెంబరులో ప్రకటించిన ప్రత్యేక సహాయంతో పాటు, కేంద్రం తరఫున నిర్మాణ బాధ్యతను రాష్ట్రమే తీసుకున్నది. రాష్ట్రం ఖర్చు చేసి బిల్లులు పంపితే కేంద్రం తిరిగి చెల్లించే ఏర్పాటు ఇది.

ఈ ఏర్పాటులో ఒక షరతు ఉన్నది. 2014 ఏప్రిల్ 1 నాటికి మిగిలిన నీటిపారుదల భాగపు ఖర్చును, ఆ తేదీనాటి ధరల మేరకే కేంద్రం భరిస్తుంది. విద్యుత్ కేంద్రం ఖర్చు రాష్ట్రానిది. అప్పటికే రాష్ట్రం ఖర్చు చేసిన సుమారు 5 వేల కోట్ల రూపాయలు కూడా దీనిలోకి రావు. 2020 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ నీటిపారుదల భాగాన్ని 20,398.61 కోట్లుగా నిర్ధారించినప్పుడు గాని ఆ షరతు బరువు సామాన్య ప్రజలకు తెలియలేదు. 55 వేల కోట్లకు, 20 వేల కోట్లకు మధ్యనున్న తేడా ఎవరిది? 2016లో ఒప్పుకున్న ప్రభుత్వానిదని ఒక పార్టీ, 2019 తరువాత సాధించలేని ప్రభుత్వానిదని మరొక పార్టీ, చట్టం చేసిన కేంద్రానిదని ఇంకొందరు వాదించారు. ఖర్చు పెట్టేవారు ఒకరు, చెల్లించేవారు మరొకరు, ఆమోదించేది మూడవ సంస్థ అయినప్పుడు ప్రతి ఒక్కరికీ చూపించటానికి మరొకరు ఉంటారు. పోలవరం వివాదం ఇంతకాలం తెగకపోవటానికి మూలం ఇక్కడే ఉన్నది.

గుత్తేదారుల మార్పు

ప్రధాన పనులు 2013లో ట్రాన్స్‌ట్రాయ్ సంస్థకు దక్కాయి. పనులు మందగించటంతో 2018లో వాటిలో అధిక భాగాన్ని నవయుగ సంస్థకు అప్పగించారు. 2019 ఏప్రిల్ 1న రాజమండ్రి ఎన్నికల సభలో ప్రధానమంత్రి నరేంద్ర మోడీ, ఈ ప్రాజెక్టు అప్పటి రాష్ట్ర ప్రభుత్వానికి ఏటీఎంలా మారినదని ఆరోపించారు. తెలుగుదేశం దానిని ఖండించినది. ఆ ఎన్నికలలో గెలిచిన వై.ఎస్.జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం నవయుగ ఒప్పందాలను రద్దు చేసి రివర్స్ టెండర్లు పిలిచినది. దీనివలన జాప్యం, అదనపు వ్యయం తప్పవని 2019 ఆగస్టులో ప్రాజెక్టు అథారిటీ అభిప్రాయపడినది. అయినా టెండర్లు జరిగి, మేఘా సంస్థ అంచనాకంటే సుమారు 12.6 శాతం తక్కువకు పనులు పొందినది. సుమారు 628 కోట్లు ఆదా అయినట్లు ప్రభుత్వం ప్రకటించినది.

ఆ ఆదా కాగితంపై నిజమే. ఐతే 2020 ఆగస్టు వరదల తరువాత ప్రధాన ఆనకట్టకు పునాది అయిన డయాఫ్రం గోడ దెబ్బతిన్నట్లు బయటపడినది. నదీగర్భంలో నీరు ఊరకుండా ఆపే ఈ గోడను 2016-18 మధ్య సుమారు 440 కోట్లతో నిర్మించారు. కాఫర్ డ్యాంలు పూర్తికాకముందే గోడ కట్టటం తప్పు అని వై.ఎస్.ఆర్. కాంగ్రెస్, గుత్తేదారును మార్చి కాలం వృథా చేసి కాఫర్ డ్యాంల ఖాళీలు పూడ్చకపోవటం తప్పు అని తెలుగుదేశం పేర్కొన్నాయి. పనుల వరుస తప్పినదని రెండు వాదనలూ ఒప్పుకుంటున్నాయి. ఎవరి హయాములో అన్నదే తగాదా. 2024లో అమెరికా, కెనడాల నుండి వచ్చిన నలుగురు నిపుణుల పరిశీలన తరువాత కొత్త గోడ కట్టటానికి నిర్ణయమైనది. సుమారు 990 కోట్ల అంచనాతో ఆ పని 2025 జనవరిలో మొదలైనది.

ఈ కాలంలో ముంపు గ్రామాల పరిస్థితి గురించి తక్కువగా చర్చ జరిగినది. కాఫర్ డ్యాం వలన వెనుకకు తన్నిన నీటితో దేవీపట్నం మండలంలోని గిరిజన గ్రామాలు, పునరావాసం పూర్తి కాకుండానే వరదలలో మునిగాయి. ఖర్చు పట్టికలో అతిపెద్ద పద్దు వీరి పేరనే ఉన్నా, చెల్లింపుల వరుసలో వీరు చివరివారయ్యారు.

పట్టిసీమ

పట్టిసీమ ఎత్తిపోతల పథకం (2015) ఈ వివాదంలో ఒక చిన్న అధ్యాయం. పోలవరం కుడి కాలువ ద్వారా గోదావరి నీటిని కృష్ణా నదికి చేర్చే ఈ పథకానికి సుమారు 1,300 కోట్లు ఖర్చయినది. టెండరులో అంచనాపై 5 శాతానికి మించి అంగీకరించరాదన్న పరిమితి ఉండగా, ఏడాదిలో పూర్తి చేస్తే బోనస్ అనే పేరుతో సుమారు 22 శాతం అధిక ధరకు పని అప్పగించారు. కాగ్ దీనిని తప్పుపట్టినది. నీరు మాత్రం కృష్ణా డెల్టాకు చేరినది. అధిక వ్యయం, సకాల ప్రయోజనం రెండూ ఒకే పనిలో ఉండవచ్చునని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

లెక్క అడిగే వ్యవస్థలు

ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే అధికారం రాజ్యాంగం ప్రకారం కాగ్‌కు ఉన్నది (148-151 అధికరణలు). రాష్ట్ర ఖాతాలపై కాగ్ నివేదికలు గవర్నరు ద్వారా శాసనసభకు చేరుతాయి. వాటిని ప్రజా పద్దుల సంఘం పరిశీలిస్తుంది. ఈ సంఘానికి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడుగా ఉండటం సంప్రదాయం. శాసనసభ మంజూరు చేసిన మొత్తానికి మించి ఖర్చయితే 205వ అధికరణం ప్రకారం సభ దానిని క్రమబద్ధం చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో అనేక సంవత్సరాల అధిక వ్యయం ఇలా క్రమబద్ధం కాకుండా మిగిలిందని కాగ్ పలుమార్లు ఎత్తిచూపినది.

కాగ్ చెప్పగలదే గాని శిక్షించలేదు. పైగా నివేదిక సభకు వచ్చేసరికి పని పూర్తవటమో, ప్రభుత్వం మారటమో జరుగుతుంది.

ఇతర ఉదాహరణలు

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్ రాష్ట్రంలో మస్క్రాట్ ఫాల్స్ జలవిద్యుత్ ప్రాజెక్టు పోలవరానికి దగ్గరి పోలిక. 2012లో వడ్డీతో కలిపి సుమారు 7.4 బిలియన్ డాలర్లుగా అనుమతించిన ఈ ప్రాజెక్టు వ్యయం 2017 నాటికి 12.7 బిలియన్లకు చేరినది. జస్టిస్ రిచర్డ్ లెబ్లాంక్ నాయకత్వంలోని విచారణ సంఘం 2020లో నివేదిక ఇచ్చినది. ఇది దారి తప్పిన ప్రాజెక్టు అని దాని శీర్షికలోనే చెప్పినది. అంచనాలను తక్కువగా చూపటం, నష్టభయాన్ని పైకి చెప్పకపోవటం వంటి విషయాలను ఎవరు, ఎప్పుడు చేశారో వివరించినది. అక్కడ కట్టించినది ఒకే రాష్ట్రప్రభుత్వ సంస్థ కావటం వలన బాధ్యత గుర్తించటం కొంత సులువైనది.

గోదావరి ఎగువన తెలంగాణలోని కాళేశ్వరం విషయంలో కూడా ఇటువంటి ప్రయత్నం జరిగినది. 2023 అక్టోబరులో మేడిగడ్డ ఆనకట్ట స్తంభాలు కుంగాయి. ప్రాజెక్టు మొత్తం వ్యయం 1.47 లక్షల కోట్లను మించవచ్చునని 2024లో కాగ్ తెలిపినది. జస్టిస్ పి.సి.ఘోష్ సంఘం 2025 జూలైలో నివేదిక సమర్పించగా, మాజీ ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు దానిని హైకోర్టులో సవాలు చేశారు.

2023 తరువాత

2023 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ పద్దులవారీ పరిమితిని సడలించి, తొలిదశకు అదనపు నిధులకు అభ్యంతరం లేదని తెలిపినది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం 41.15 మీటర్ల నీటిమట్టం వరకు 30,436.95 కోట్ల అంచనాను ఆమోదించి, మిగిలిన 12,157.53 కోట్లు ఇవ్వటానికి అంగీకరించినది. 41.15 మీటర్లకు, 45.72 మీటర్లకు మధ్య మునిగే గ్రామాల ఖర్చు ఈ ఆమోదంలో చేరలేదు. నిర్వాసిత కుటుంబాలలో ఎక్కువ భాగం ఆ గ్రామాలవారే.