దూరవైద్యము - కర్షకుల కుపయోగము

పైరు చెడినచో ఒక పంట పోవును. సేద్యగాని దేహము చెడినచో సేద్యమే పోవును. కర్షకుడు ఋణగ్రస్తు డగుటకు అనావృష్టి యెంత కారణమో రోగమును అంతటి కారణమగుట మన సంఘసభ్యు లెఱుగనిది కాదు.

పూర్వము మహబూబ్‌నగరు జిల్లాలో చేరియున్న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములు 2016 అక్టోబరు 11వ తేదీన వేఱు జిల్లాలైనవి. వనపర్తి, నాగర్‌కర్నూలులందు 2022లోను, గద్వాలయందు 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు నెలకొనినవి. అయినను నిపుణులగు వైద్యులు పట్టణములందే యుందురు. నడిగడ్డ గ్రామస్థులు కర్నూలునకో రాయచూరునకో, తక్కినవారు మహబూబ్‌నగరునకో హైదరాబాదునకో పోవలసివచ్చుచున్నది. బస్సు ఖర్చు, తోడు వచ్చువాని కూలి, ఆ దినపు పని యను నీ మూడును గలిసి మందుల వెలను మించుటయు కలదు.

ఈ కష్టమును కొంత తగ్గించునదియే దూరవైద్యము. తెలుగునాట ఇది తొలుదొల్త సాగిన చోటులలో చిత్తూరు జిల్లా అరగొండ యొకటి. అచ్చటి అపోలో వైద్యశాలను ఉపగ్రహము ద్వారా దూరపట్టణముల నిపుణులతో కలిపిరి. 2000 మార్చి 24వ తేదీన హైదరాబాదునకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటను దానిని ప్రారంభించెను. కేంద్రప్రభుత్వము 2019 నవంబరులో 'ఈ-సంజీవని'ని నెలకొల్పినది. కరోనా వ్యాపించిన 2020 ఏప్రిలులో రోగి యింటినుండియే మాట్లాడు మార్గమును చేర్చినది.

ఇందు పద్ధతులు రెండు. మొదటిదానియందు, గ్రామ ఆరోగ్యకేంద్రములోని కార్యకర్త రక్తపుపోటు మొదలగునవి పరీక్షించి, రోగిని వీడియోలో వైద్యునితో మాట్లాడించును. రెండవదానియందు, రోగియే సెల్‌ఫోనులో నమోదై తన వరుస వచ్చువఱకు వేచియుండును. మందుల చీటీ ఫోనునకే చేరును, రుసుము లేదు. దగ్గఱ నుండి పరీక్షించువా రుండుటచే వృద్ధులకు మొదటి పద్ధతియే మేలు. రక్తపుపోటు, మధుమేహము వంటి దీర్ఘరోగములకును, చర్మవ్యాధులకును, పాత చీటీలోని సందేహములకును ఇది మిక్కిలి అక్కఱకు వచ్చును.

అయితే దీనికి హద్దులు కలవు. పొట్ట నొక్కి చూడవలసిన రోగము తెరపై తెలియదు. 2020 మార్చి 25వ తేదీనాటి నియమముల ప్రకారము వైద్యుడు తన నమోదు సంఖ్యను చీటీపై చూపవలయును. మత్తు కలిగించు కొన్ని మందులను వ్రాయరాదు. పాము కఱచినప్పుడును, పురుగుమందు సోకినప్పుడును, ఱొమ్మునొప్పి వచ్చినప్పుడును ఫోను సలహాకై వేచియుండుట ప్రాణాపాయము. పాము విషమునకు విరుగుడు సూదిమందు. అది తెరగుండ రాదు. తక్షణమే 108కి తెలిపి ఆసుపత్రికి పోవలయును. పురుగుమందు సోకినచో దాని డబ్బాను వెంట గొనిపోవలయును.

అమ్రాబాదు అడవిలోని పెంటలవంటి చోటుల సంకేతములే సరిగా అందవు. ఫోను వాడ నేరనివారు ప్రతి గ్రామమునను కలరు. కావున ప్రతి సంఘమును తన కార్యాలయమున నొక గదిని, ఫోనును, చదువుకొనిన యువకు నొకనిని, స్త్రీలకై యొక స్త్రీని వారమున కొకదినమైన ఏర్పఱచిన బాగుండును. రోగి మాటలు గది దాటి పోరాదు. సభ్యులును అప్పు రసీదులవలె మందుల చీటీలను భద్రపఱచుకొనవలయును. దూరముననున్న వైద్యునకు రోగపు పూర్వచరిత్రను తెలుపునవి యవియే.