గట్టులేని కాలువలు

ఫాల్గుణమాసారంభమున నొకనాటి వేకువను మేము సైకిలెక్కి నాగారమునుండి బయలుదేఱితిమి. మా కోరిక చిన్నది. వీలైనంతవఱకు నీటిప్రక్కనే సాగి, శామీర్‌పేట పెద్దచెరువు కట్టను జేరవలెనని.

గోదావరి డెల్టాలో నిట్టి ప్రయాణము వింత కాదు. ధవళేశ్వరమువద్ద కాటను దొర 1852లో ముగించిన ఆనకట్టతో నేర్పడిన కాలువలు పొలములకు నీరిచ్చుటకే కాక పడవలు నడచుటకును ఉద్దేశింపబడినవి. గాలి లేనపుడు పడవవారు గట్టుమీద నడచుచు త్రాటితో పడవను లాగెడివారు. మనుష్యుడు నడువవలసియుండెను గనుక గట్టు నిలిచినది. పడవలు పోయినను, నేటికిని పెక్కుచోట్ల సైకిలువాడు ఆ గట్టుమీదనే పోవుచున్నాడు.

నాగారపు సీమలో జీవనది లేదు. ఇచ్చట పెద్దలు వాననీటికై గొలుసుకట్టుగా చెరువులు కట్టిరి. పైచెరువు నిండి అలుగు పాఱినచో ఆ నీరు కాలువవెంట క్రింది చెరువును జేరును. చెరువునకు పేరు గలదు, కట్ట గలదు, తూము గలదు, కట్టమైసమ్మ గలదు. కాలువకు వీనిలో నేదియు లేదు. ఎండకాలమున నది వట్టి గాడివలె నుండును. కావుననే మొట్టమొదట మాయమగునది కాలువయే.

ఊరు దాటకమునుపే మా ప్రయాణము చెడినది. కాలువవెంట రెండువందల గజములు పోవునప్పటికి ప్రహరీగోడ యడ్డము వచ్చెను. చుట్టు తిరిగి పోగా కాలువ గోడ కావల నొకింత కనబడి, ఇసుకకుప్పక్రింద మఱుగైపోయెను. అచ్చట గేదెలను తోలుకొనిపోవుచున్న యొక వృద్ధుని బాట యడిగితిమి. "తొవ్వ ఏడున్నది బిడ్డా? నా చిన్నప్పుడు ఈడికెళ్లి ఎడ్లబండ్లు పోయేటివి. ఇప్పుడు నీళ్లకే తొవ్వ లేదు, నీ సైకిల్‌కు యాడికెళ్లి వస్తది?" అని ఆయన నవ్వెను.

శాసనము లేక కాదు. 2012లో వెలువడిన గృహనిర్మాణ నిబంధనల ప్రకారము 10 హెక్టారులు, అంతకు మించిన చెరువుల యంచునుండి 30 మీటర్లును, చిన్నచెరువులకు, కుంటలకు 9 మీటర్లును విడువవలెను. వెడల్పు 10 మీటర్లు దాటిన వాగులకు, కాలువలకు 9 మీటర్లు. అంతకు లోబడినవానికి 2 మీటర్లు. పెద్దచెరువుల చుట్టు విడిచిన చోటులో, నడచువారికి, సైకిలువారికి 12 అడుగుల బాట వేయవచ్చునని కూడ ఆ నిబంధనలలోనే యున్నది! 2 మీటర్లలో సైకిలు సుఖముగా పోవును. కాని ఆ రెండు మీటర్లను కొలిచి ఱాయి పాతినవా రెవరు?

భూవసతి గల మా పాఠకులు కొందఱు కోపగింతురు కాబోలు. పట్టాభూమిలో బాట వేయవలసివచ్చినచో పరిహార మీయవలసినదే; శిఖము భూమిలో గోడ కట్టినచో తీయవలసినదే. ఈ రెంటిని కలిపి మాటాడుటవలననే రెండును జరుగకున్నవి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదు చెరువులు పొంగి, కట్టలు తెగి, కాలనీలు మునిగినపుడు నీరు పట్టాలను జూడలేదు. జనులు దినము నడచు గట్టును ఒక్క రాత్రిలో పూడ్చుట కష్టము. మేము బాట కోరుట విహారమునకు మాత్రమే కాదు.

కీసర దాటి వలయరహదారి ప్రక్కబాట పట్టితిమి. మోదుగులు ఆకు రాల్చి యెఱ్ఱగా పూచినవి. లారీల ధూళి వానిపై పడుచున్నది. నగరమునకు పడమట ఇదే రహదారిప్రక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలుబాటను, ఎండకు కప్పుతో సహా, వేసిరి. మంచిదే, కాని దాని తోడు మోటారులే. శామీర్‌పేట చేరువన ఘనపురము జలాశయమునకు ఎల్లంపల్లినుండి గోదావరి 2015 మొదలు గొట్టములలో వచ్చుచున్నది. నదియే మన పొలిమేరకు వచ్చినది. దాని యొడ్డున నిలుచుటకు మాత్రము చోటు లేదు.

పెద్దచెరువు కట్టమీద గడియసేపు కూర్చుంటిమి. చల్లగాలి, నీటికోళ్లు. ఆ సుఖమును గూర్చి యెక్కువ వ్రాయము.

తిరుగుదారిలో తుమ్మముల్లు దిగి చక్రము గాలిపోయెను. నడిపించుకొనుచు నాగారము చేరునప్పటికి ఆ వృద్ధుడు మఱల కనబడెను. చేతికఱ్ఱతో చూపుచు మాకు ముందు నడచెను: ఇచ్చట మలుపు, ఇచ్చట బట్టలు ఉదుకు బండ, ఇచ్చట కానుగచెట్టు. అన్నియు ఇప్పుడు గచ్చుక్రింద నున్నవి. మా యడుగుల లెక్కకు నాలుగువందలు వచ్చినవి. రెవెన్యూవారు గొలుసు తెచ్చి కొలుతురేని, చూపుటకు ఆయన యింకను ఉన్నాడు.