కలిసి పనిచేసినవాళ్లు ఏమన్నారు?

గేలను బాహాటంగా చేర్చుకుంటే సైన్యంలో ఐకమత్యం చెడిపోదా అని ఒక పాఠకుడు రాశారు. ఎంత మంచి ప్రశ్న! దీనికి జవాబు సైనికులే ఇచ్చారు.

అమెరికాలో 1993 నుంచి ఒక వింత చట్టం ఉండేది. గేలు సైన్యంలో పనిచేయవచ్చు, ఆ సంగతి మాత్రం బయటపెట్టకూడదు. బయటపడితే ఉద్యోగం ఊడినట్టే. 2010లో రక్షణ శాఖ సర్వే చేస్తే సుమారు 1,15,000 మంది జవాబిచ్చారు. చట్టం ఎత్తేస్తే నష్టమేనని మెరైన్ పోరాట దళాల్లో సగానికి పైగా భయపడ్డారు. అయితే, గే అని తాము నమ్మిన వ్యక్తితో నిజంగా కలిసి పనిచేసినవాళ్ల మాట వేరు. వాళ్లలో 92 శాతం మంది తమ యూనిట్ బాగానే పనిచేసిందనో, మంచీ చెడూ ఏమీ లేదనో అన్నారు.

ఇంత తేడా ఎందుకు? ఇక్కడ 1945కి వెళ్లాలి. ఐరోపా యుద్ధరంగంలో సైనికులు చాలక, తెల్లవాళ్ల కంపెనీల్లో నల్లజాతి ప్లటూన్లను కలిపారు. సామాజికవేత్త శామ్యూల్ స్టౌఫర్ బృందం తెల్ల సైనికులను అడిగింది: మీ దళం ఇలా ఉంటే ఎలా ఉంటుంది? అలాంటి ప్లటూన్లు లేని దళాల్లో 62 శాతం మంది అస్సలు ఇష్టం లేదన్నారు. అలాంటి ప్లటూన్లున్న డివిజన్‌లోనే వేరే రెజిమెంట్ వాళ్లయితే 24 శాతం, అదే రెజిమెంట్‌లో వేరే కంపెనీ అయితే 20 శాతం. ఒకే కంపెనీలో ఉన్నవాళ్లలో? కేవలం 7! ఆ ప్లటూన్లను తెల్ల సైనికులు కోరి తెచ్చుకోలేదు, పైవాళ్లు తెచ్చి కలిపారు. కాబట్టి ముందునుంచీ ఉదారంగా ఉన్నవాళ్లే అక్కడ చేరారనడానికి వీల్లేదు.

మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్పోర్ట్ 1954లో దీన్ని సిద్ధాంతంగా మలిచాడు. సమాన హోదా, ఒకే లక్ష్యం, పరస్పర సహకారం, పైవాళ్ల అండ ఉంటే పరిచయం ద్వేషాన్ని తగ్గిస్తుందన్నాడు. బారక్‌లో ఈ నాలుగూ దొరుకుతాయి. పైగా గే అన్న సంగతి చర్మం రంగులా కంటికి కనిపించదు. రాత్రి కాపలాకు లేపినవాడు, రేడియో బాగుచేసిచ్చినవాడు ముందు పరిచయమవుతాడు, అతను గే అన్న సంగతి ఆ తర్వాతే తెలుస్తుంది. అప్పటికి మనిషి మీద నమ్మకం కుదిరి ఉంటుంది. 1993 చట్టం సరిగ్గా ఆ తెలియడాన్నే అడ్డుకుంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆ విధానానికి రూపమిచ్చిన సామాజికవేత్త చార్లెస్ మోస్కోస్ ఐకమత్యం దెబ్బతింటుందని వాదించాడు. కానీ ఒకరంటే ఒకరికి ఇష్టం ఉండటం వేరు, పని మీద అందరికీ పట్టుదల ఉండటం వేరు. దళాన్ని గెలిపించేది ప్రధానంగా రెండోది. 2009లో వెయ్యి మందికి పైగా విశ్రాంత జనరల్స్, అడ్మిరల్స్ సైన్యమే విచ్ఛిన్నమవుతుందని హెచ్చరించారు. 2011 సెప్టెంబరు 20న ఆ చట్టం పోయింది. సైన్యం నిలిచే ఉంది.

మన దగ్గర స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలను 2018లో సుప్రీంకోర్టు పీకింది. నాలుగు నెలలకే అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ సైన్యంలో అలాంటి సంబంధాలను అనుమతించబోమన్నారు. మన జవాన్లకూ ఒక ప్రశ్నపత్రం పంపాలి. అందులో మొదటి ప్రశ్న ‘మీకేమనిపిస్తోంది’ అని కాదు, ‘మీరు ఎవరితో కలిసి పనిచేశారు’ అని ఉండాలి.