ఎవరి రేజర్ వాళ్లదే

ఏకాంతం కోసం ఒంటి మీది వెంట్రుకలు తీసుకోవడం ఈ తరం పట్టుకొచ్చిన అలవాటేమీ కాదు. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో నాగరకుడి దినచర్య చెబుతూ నాలుగో రోజున క్షౌరం, ఒంటి రోమాలకు అయిదో రోజో పదో రోజో అని లెక్క కూడా పెట్టాడు. ఇప్పుడు ఆ పని బాత్‌రూమ్‌లో, ఎవరికి వారే కానిచ్చేస్తున్నారు. కొందరు దంపతులు ఒకరికొకరు చేసుకుంటున్నారు. తప్పేం లేదు. చిక్కల్లా చాలా ఇళ్లలో ఇద్దరికీ కలిపి ఒకటే రేజర్ ఉండటంతోనే.

బ్లేడు తగిలినప్పుడు కంటికి కనబడని గాట్లు పడతాయి, కనబడనంత నెత్తురు దానికి అంటుకుంటుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. కడిగేశాం కదా అనుకుంటే చాలదు. భార్యాభర్తలైనా సరే, రేజర్లు రెండు ఉండాల్సిందే.

‘మర్మాంగాల దగ్గర వెంట్రుకలు ఉంటే అశుభ్రం’ అనే మాట మరీ పాతుకుపోయింది. నిజానికి అవి లేత చర్మానికి రాపిడి తగలకుండా కాస్తాయి. శుభ్రతకు సబ్బు, నీళ్లు చాలు. ఆపరేషన్‌కు ముందు బ్లేడుతో గీయవద్దని, తప్పదనుకుంటే క్లిప్పర్‌తో కత్తిరించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. కాన్పుకు ముందు అందరికీ షేవింగ్ చేసే పద్ధతి కూడా వద్దని 2018లో చెప్పింది. కాబట్టి గీసుకోవడం ఇష్టానికి సంబంధించిన సంగతి. ఆ ఇష్టం కూడా ఎవరి ఒళ్లో వాళ్లదే అయి ఉండాలి. భర్త అడిగాడనో, వీడియోల్లో అలా ఉంటుందనో మనసొప్పకుండా చేసుకోనక్కర్లేదు.

అమెరికాలో 7,570 మందిని అడిగి చేసిన సర్వే ఒకటి 2017లో అచ్చయింది. ఈ అలవాటున్నవాళ్లలో నూటికి పాతికమందికి ఎప్పుడో ఒకప్పుడు గాయమైందట. అందులో ఎక్కువ భాగం తెగిన గాయాలే.

తెగకుండా ఉండాలంటే తొందర పనికిరాదు. ముందు ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించుకుని, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేస్తే వెంట్రుక మెత్తబడుతుంది. వాసనలేని షేవింగ్ జెల్ రాసి, పదునైన కొత్త బ్లేడుతో వెంట్రుక పెరిగే వైపుకే తేలిగ్గా లాగాలి. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది గానీ, చర్మం కింద ఇరుక్కున్న వెంట్రుక లోపలికే పెరిగి పొక్కు అవుతుంది. ఉంగరాల వెంట్రుకలున్నవాళ్లకు ఈ బాధ మరీ ఎక్కువ. వృషణాల మీది చర్మం వదులుగా, ముడతలుగా ఉంటుంది. అక్కడ బ్లేడు కన్నా గార్డు తొడిగిన ట్రిమ్మర్ నయం. వెంట్రుకలు తీసే క్రీములు తడిగా ఉండే లోపలి చర్మానికి తగిలితే కాలినట్టు మండుతాయి.

ఒకరికొకరు చేసుకునేటప్పుడు గదిలో మంచి వెలుతురు ఉండాలి, మద్యం తాగి ఉండకూడదు. ‘ఆపు’ అంటే వెంటనే ఆపాలి. చేసేవాళ్లకు చర్మం మంట తెలియదు కాబట్టి, చేయించుకునేవాళ్ల మాటే వినాలి.

గీసుకున్న రోజే కలయిక వద్దు. గాట్లు మానేందుకు ఒకటి రెండు రోజులు ఆగితే రాపిడీ ఉండదు, ఇన్ఫెక్షన్ భయమూ తగ్గుతుంది. డియోడరెంటు చల్లుకోకుండా వదులైన నూలు లోదుస్తులు వేసుకుంటే చాలు. అక్కడ పులిపిర్లో నీటిబుడగల్లాంటి చిన్న బొడిపెలో కనబడితే మాత్రం బ్లేడు ముట్టుకోకూడదు. గీస్తే వాటికి కారణమైన వైరస్ పక్క చర్మానికీ పాకుతుంది. ముందు చర్మవైద్యులకు చూపించుకోవాలి, సిగ్గుపడి దాచుకోకూడదు.

లోపలికి పెరిగిన వెంట్రుకను గోటితో గిల్లి లాగొద్దు. వేడినీళ్ల కాపడం పెడితే చాలాసార్లు అదే బయటపడుతుంది. పొక్కు చుట్టూ ఎర్రగా వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు అదుపులో లేనివాళ్లకు చిన్న గాటు కూడా త్వరగా మానదు, వాళ్లు ట్రిమ్మర్‌తోనే సరిపెట్టుకోవడం మంచిది.