మీట నొక్కిన మరుక్షణం

సికింద్రాబాదు రైల్వేస్టేషనును ఆనుకొని ఉన్న రెజిమెంటల్ బజారు పేరులోనే ఒకనాటి దండు చరిత్ర దాగి ఉన్నది. ఆ దండు పక్కనున్న హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ మనదేశంలో తొలితరం కంప్యూటర్లను తయారుచేసింది. అయితే అవి కార్యాలయాలకు, పరిశోధనశాలలకు ఉద్దేశించిన యంత్రాలు. బడిపిల్లల చేతికి కంప్యూటరు అందడానికి మరికొంతకాలం పట్టింది. 1984-85లో కేంద్రప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద ఎంపికచేసిన పాఠశాలలకు ‘బీబీసీ మైక్రో’ యంత్రాలను పంపింది. బ్రిటన్‌లోని ఏకార్న్ సంస్థ 1981లో వెలువరించిన గృహ కంప్యూటరు అది. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ దానినే ‘యూనికార్న్’ అనే పేరుతో మనదేశంలో తయారుచేసింది.

ఈ యంత్రానికి విద్యుత్తు అందగానే రెండు స్వరాల చిన్న కూత వినిపించేది. తెరమీద యంత్రం పేరు, దాని కింద ‘బేసిక్’ అనే భాష పేరు కనిపించేవి. అంతే, విద్యార్థి పని ప్రారంభించవచ్చు. ఎదురుచూపు లేదు. దీనికి కారణం సులభంగానే గ్రహించవచ్చు. నేటి కంప్యూటరు తన నిర్వహణ వ్యవస్థను డిస్కు నుండి మెమొరీలోకి తెచ్చుకోవాలి. ఆనాటి యంత్రంలో అది రామ్ అనే చెరిగిపోయే చిప్పులో కాక, రోమ్ అనే చెరగని చిప్పులో ముందే ముద్రితమై ఉండేది అనుకుంటే పొరపాటు లేదు. రామ్ చెరిగిపోయేది, రోమ్ నిలిచి ఉండేది.

మీట వేసిన తొలిక్షణంలో విద్యుత్పీడనం స్థిరంగా ఉండదు. ఆ స్థితిలో ప్రాసెసర్ పనిచేస్తే తప్పుడు ఆదేశాలు చదువుతుంది. కనుక విద్యుత్తు కుదుటపడేవరకు ఒక చిన్న వలయం దానిని కదలనీయక పట్టి ఉంచుతుంది. పట్టు వదలగానే ప్రాసెసర్ చేసే మొదటి పని ముందే నిర్ణీతమై ఉంటుంది. బీబీసీ మైక్రోలోని 6502 జాతి ప్రాసెసర్ 0 నుండి 65535 వరకు గల చిరునామాలను గుర్తించగలదు. అది లేవగానే 65532, 65533 స్థానాలలో ఉన్న రెండు సంఖ్యలను చదివి, వాటిని కలిపి ఒక చిరునామాగా భావించి, అక్కడికి వెళ్లి పని ప్రారంభిస్తుంది. అదే కాలపు జడ్80 ప్రాసెసర్‌కు ఈ వెతుకులాట కూడ లేదు. అది తిన్నగా 0వ స్థానం నుండే మొదలుపెడుతుంది.

ఇక చిక్కంతా ‘బ్రేక్’ మీట దగ్గర వచ్చేది. అది కీబోర్డు పైవరుసలో, ఎర్రని మీటల పక్కనే ఉండేది. గంటసేపు శ్రమించి ఒక ప్రోగ్రామును టైపుచేసిన విద్యార్థి వేలు పొరపాటున దానిపై పడితే యంత్రం మళ్లీ మొదటికి వచ్చేది. ప్రోగ్రామును చూపమని అడిగితే ఏమీ కనిపించేది కాదు. క్యాసెట్టుపై భద్రపరచి ఉండకపోతే ఆ విద్యార్థి గుండె జారిపోవడం సహజమే.

నిజానికి ప్రోగ్రాము ఎక్కడికీ పోలేదు. రైలుపెట్టెలన్నీ పట్టాలమీదనే ఉండగా ఇంజనుకు, మొదటి పెట్టెకు నడుమనున్న కొక్కెం మాత్రమే ఊడిన స్థితి అది. ‘బేసిక్’ ప్రోగ్రాము ప్రారంభంలో ‘ఇక్కడితో సరి’ అనే గుర్తునొకదానిని ఉంచుతుంది. మిగిలినదంతా యథాతథంగా ఉంటుంది. ‘ఓల్డ్’ అని టైపుచేస్తే ఆ గుర్తు తొలగి ప్రోగ్రాము తిరిగి ప్రత్యక్షమవుతుంది. అయితే ఈలోగా కొత్త పంక్తి రాయరాదు, కొత్త చరరాశిని సృష్టించరాదు. అవి పాత ప్రోగ్రాము ఉన్నచోటనే వచ్చి కూర్చుంటాయి. మరొక విచిత్రమేమనగా, ఆ గుర్తు మొదటి పంక్తి సంఖ్యలోని పెద్ద భాగంపై పడుతుంది. ‘ఓల్డ్’ దానిని సున్నగా మారుస్తుంది. అందువల్ల మొదటి పంక్తి సంఖ్య 1000 అయితే అది 232గా తిరిగివస్తుంది. 255 లోపు సంఖ్యతో మొదలుపెట్టినవారికి ఈ బాధ లేదు.

విద్యుత్తు ఇప్పుడే వచ్చిందా, ఎవరైనా బ్రేక్ నొక్కారా అని యంత్రం గుర్తించే పద్ధతి కూడ చమత్కారమైనదే. అందులోని ఒక 6522 చిప్పును బ్రేక్ మీట తాకదు; విద్యుత్తు కొత్తగా వచ్చినప్పుడు మాత్రమే దానిలోని ఒక గడి ఖాళీ అవుతుంది. ఆ గడి ఖాళీగా కనిపిస్తే యంత్రం మెమొరీని శుభ్రం చేస్తుంది. నిండుగా ఉంటే ప్రోగ్రామును అలాగే వదలివేస్తుంది.

1982లో బ్రిటన్‌లోనే వెలువడిన జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కు ఇంతటి దయ లేదు. దానికి రీసెట్ మీట గాని, విద్యుత్తు మీట గాని లేవు. యంత్రం మొండికేస్తే తీగను ఊడబెరికి మళ్లీ పెట్టవలసిందే. 1984లో వచ్చిన స్పెక్ట్రమ్ ప్లస్‌కు పక్కన రీసెట్ మీట అమర్చారు. కాని దానిని నొక్కితే ప్రాసెసర్ 0వ స్థానానికి వెళ్లి, మెమొరీలోని ప్రతి గడిలోను 2 అనే సంఖ్యను రాసి పరీక్షించేది. అక్కడ ‘ఓల్డ్’ వంటి ఆదేశమే లేదు. ఉన్నా తిరిగి తేవడానికి మిగిలినదేమీ ఉండేది కాదు.